ఏడో ప్రశ్న దగ్గర పంతొమ్మిది మంది

గురువారం పొద్దున పది గంటలకు గురుప్రసాద్ చేతిలోని ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఖతార్‌లోని మెసయీద్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపు అది. పోర్టా క్యాబిన్‌లో నడిచే శిక్షణ గది. బయట ఫిబ్రవరి గాలి పిడికిళ్ళతో ఇసుక తెచ్చి రేకు గోడల మీద చల్లుతోంది. ఎవరో లోపలికి రావాలని తలుపు వెతుక్కుంటున్నట్టుంది ఆ చప్పుడు.

ఇరవై నలుగురు పరీక్ష రాశారు. పదిహేను ప్రశ్నలు. పది సరిగ్గా రాస్తే చాలు. కానీ ఏడోది తప్పితే మిగిలినవన్నీ ఒప్పయినా ఫెయిలే. ఆ ఏడో ప్రశ్న దగ్గరే పంతొమ్మిది మంది పడిపోయారు.

ప్రశ్న చిన్నదే. ట్యాంకు లోపల పనిచేస్తున్న మనిషి స్పృహ తప్పి పడిపోయాడు. బయట మూత దగ్గర కాపలా ఉన్నది మీరు. ఏం చేస్తారు?

లోపలికి దిగకూడదు. అలారం మోగించాలి, రేడియోలో రెస్క్యూ వాళ్ళను పిలవాలి, బయట నిలబడే తాడుతో మనిషిని పైకి లాగాలి. లోపల ఒకణ్ణి పడగొట్టిన గాలి రెండోవాణ్ణి కూడా అంతే నిశ్శబ్దంగా పడగొడుతుంది. నాలుగు రోజులుగా ఆయన చెప్పింది ఇదే. వాళ్ళు తలలూపింది కూడా దీనికే.

కాగితాల మీద మాత్రం వేరే మాటలున్నాయి. ‘దిగుత.’ ‘ఉరికి పోయి గుంజుకొస్త.’ ‘మాస్కు లేకున్నా దిగుత, మా తమ్ముడు కదా.’ ఒకతను ఇంకాస్త వివరంగా, ‘నేను దిగుత, నా ఎనుక రత్నాకర్ దిగుతడు’ అని రాశాడు. రాయడం రాని నలుగురు నోటితో చెబితే గురుప్రసాదే రాసుకున్నాడు. అప్పుడు తల ఎత్తి వాళ్ళ మొహాల్లోకి చూడలేదు. ఇప్పుడు చూడాలనిపిస్తోంది.

కాపీ కొట్టారేమో అనుకున్నాడు మొదట. కానీ కాపీ కొట్టినవాళ్ళ తప్పులన్నీ ఒకే మొహంతో ఉంటాయి. ఇవి పంతొమ్మిది మొహాలు. మిగిలిన పద్నాలుగు ప్రశ్నలకూ వీళ్ళు చక్కగా జవాబులు రాశారు. ఏ వాసన ఏ గ్యాసుదో, ఆ వాసన ఉన్నట్టుండి మాయమైతే అది తగ్గినట్టు కాదని, ముక్కు చచ్చిపోయినట్టని కూడా రాశారు. అంటే పాఠం విన్నారు. అర్థం చేసుకున్నారు. చేసుకుని కూడా దిగుతామంటున్నారు.

లేచి కిటికీ దాకా వెళ్ళాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

తలుపు తోసుకుని జహాంగీర్ వచ్చాడు. శిక్షణల లెక్కాపత్రం చూసే కోఆర్డినేటర్, హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి. ఆదివారం నుంచి ప్లాంటులో షట్‌డౌన్. యంత్రాలన్నీ ఆపి ట్యాంకులు కడిగే పదిహేను రోజులు. కార్డు ఉన్నవాళ్ళకే ట్యాంకుల దగ్గర పనికి అనుమతి. ఆ కార్డు మీద సంతకం గురుప్రసాద్‌ది.

ఫలితం విని జహాంగీర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ టిక్కులు పెట్టే పేపరే ఇచ్చారు కదా, ఈసారి సొంత మాటల్లో రాయమని ఎందుకు అడిగారని నిలదీశాడు. ఆ పేపరుతో ఆరేళ్ళలో ఒక్క బ్యాచ్ కూడా తప్పలేదని గుర్తు చేశాడు. ఆయన మాటలో కోపం లేదు. తొందర ఉంది.

“గురూజీ, పరేషాన్ ఎందుకు? రెండు గంటలకు పాత టిక్ పేపర్ పెట్టేయండి. ముందు ఒక్కసారి జవాబులు చదివి వినిపించండి. బాత్ ఖతం. శనివారం పన్నెండుకు ఇరవై నాలుగు కార్డులు నా టేబుల్ మీదుండాలె. లేకుంటే వీళ్ళను పైపుల యార్డుకు పంపి వేరే క్యాంపు నుంచి మనుషుల్ని తెస్తరు. వీళ్ళకే నష్టం.”

టిక్ పేపర్ల కట్ట బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. గాలికి పై కాగితం లేచి లేచి పడుతోంది.

ఫెయిలైనవాళ్ళను పాస్ చేయించడం గురుప్రసాద్‌కు కొత్త విద్య కాదు. తణుకులో ఇంటర్ కాలేజీలో పదకొండేళ్ళు ఫిజిక్స్ చెప్పాడు. మార్చి నెల వచ్చిందంటే ఆయన ఇచ్చే ముఖ్యమైన ప్రశ్నల జాబితా కోసం పక్క కాలేజీ పిల్లలు కూడా సైకిళ్ళేసుకుని వచ్చేవారు. ప్రశ్న చదవగానే జవాబు చేతిలోంచి జారిపడేట్టు తోమేవాడు. నూటికి నూరు శాతం అని కాలేజీ గోడ మీద ఆయన ఫొటో వేశారు. అరవైకి యాభై ఎనిమిది తెచ్చుకున్న ఒకబ్బాయి నాలుగేళ్ళ తర్వాత బస్టాండులో కనిపించి, మీ దయవల్లే గట్టెక్కాను సార్ అని కాళ్ళకు దణ్ణం పెట్టాడు. మాటల్లో తెలిసింది, ఇంట్లో ఫ్యూజు పోతే వేయడం ఆ అబ్బాయికి ఇప్పటికీ భయమేనని. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎందుకో గురుప్రసాద్‌కు ఇంటిదాకా తోడొచ్చింది. ఈసారి పేపరు మార్చింది కూడా అది గుర్తొచ్చే.

ఖతార్ వచ్చాక కూడా అదే పని చేశాడని ఈ పొద్దునే తెలిసింది. నాలుగు జవాబుల్లో ఒకదాని పక్కన టిక్కు. ఆరేళ్ళు. కొన్ని వందల కార్డులు. ఆ కార్డులు మెడలో వేసుకుని ఎవరెవరు ఏ ట్యాంకు మూత దగ్గర నిలబడి ఉన్నారో, వాళ్ళ కాళ్ళు ఎటు చూస్తున్నాయో.

భోజనాల వేళ రాజేశంను పిలిపించాడు. నలభై ఆరేళ్ళ మనిషి, జగిత్యాల దగ్గరి ఊరు, గల్ఫ్‌లో, ఊరివాళ్ళ మాటలో దుబాయ్‌లో, ఇరవై ఏళ్ళు. ముఠాకు పెద్ద. అదే ముఠాలో ఆయన మేనల్లుడు సురేందర్ కూడా ఉన్నాడు. అక్క భూమవ్వ ఒక్కగానొక్క కొడుకు. పద్నాలుగు నెలల కింద వచ్చాడు. ఈ ముఠాల పద్ధతే అంత. ఒకడు వచ్చి కుదురుకుంటాడు, తమ్ముణ్ణి పిలుస్తాడు, తమ్ముడు బావమరిదిని పిలుస్తాడు. ఒక గదిలో పడుకుంటారు. ఒక గిన్నెలో వండుకుంటారు. పనిలోనూ జోడీలుగానే ఉంటారు, ఒకడు లోపల, ఒకడు బయట. నమ్మకమైనవాడు మూత దగ్గర ఉండాలని ఫోర్‌మన్లు కూడా అలాగే రాస్తారు.

రాజేశం చేతులు కడుక్కుని వచ్చాడు, తడి ఇంకా ఆరలేదు. కూర్చోమన్నా నిలబడ్డాడు. తప్పెందుకు రాశారని గురుప్రసాద్ అడగలేదు. సరైన జవాబేమిటో చెప్పమన్నాడు. రాజేశం గడగడా చెప్పాడు. దిగొద్దు, అలారం, రేడియో, తాడు. ఒక్క ముక్క తప్పలేదు.

“మరి కాగితం మీద అలా రాయలేదేం, రాజేశం గారూ?”

“మీరు ఏం జేయాలె అని అడుగలే గద సార్. ఏం జేస్తవు అని అడిగిండ్రు.” రాజేశం కాసేపు తడి చేతుల వైపు చూసుకున్నాడు. “బస్సు కాడ మా అక్క వాని చెయ్యి వట్టి నా చేతుల వెట్టింది. దుబాయ్‌ల నీ పక్కపొంటే ఉంచుకో అన్నది. ఆడు లోపట పడి ఉంటె నేను అవుతల నిలవడి రేడియోల మాట్లాడాల్నా? రేపు ఇంటికి పోయినంక ఏం మొఖం వెట్టుకొని చెప్పాలె సార్, రూల్ గట్లున్నదే అక్కా అనాల్నా?”

గురుప్రసాద్ దగ్గర దానికి సిద్ధంగా ఉన్న జవాబొకటి ఉంది, నువ్వూ పోతే ఇంటికి రెండు శవాలు వెళతాయని. ప్రతి బ్యాచ్‌లో చెప్పేదే. నాలుక చివరిదాకా వచ్చింది. ఈ మనిషికి అది తెలియక కాదు కదా అనిపించి మింగేశాడు.

రెండు గంటలకు టిక్ పేపరు పెట్టలేదు. రేపు శుక్రవారం పొద్దున ఏడింటికి అందరూ శిక్షణ గది వెనక యార్డుకు రావాలని కబురు పంపాడు. క్యాంపులో గొణుగుడు మొదలైంది. వారానికి ఒక్క సెలవు. క్షవరం, కోడికూర, ఇంటికి వీడియో కాల్, అన్నీ ఆ ఒక్క రోజే. ఫెయిలైతే అయినం, మళ్ళ సదువుకోమంటడా అని ఎవరో అన్నది గురుప్రసాద్ చెవిన పడింది. పడనట్టే కారెక్కాడు.

అల్ ఘర్రాఫాలో ఒక విల్లాను నాలుగు వాటాలు చేస్తే అందులో ఒక వాటా ఆయన కాపురం. ఆ సాయంత్రం హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతుంటే కూతురు అక్షర హోంవర్కు పుస్తకాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. భార్య సునంద తోటకూర కాడలు విరుస్తూ కూర్చుంది. గురుప్రసాద్ ఆమెకు ఏడో ప్రశ్న చెప్పాడు. ట్యాంకులో మనిషి బదులు అక్షర పేరు పెట్టి అడిగాడు.

“దూకుతాను. దీనికి పరీక్ష ఎందుకండీ?”

నువ్వూ చస్తావు కదా అన్నాడాయన.

“చస్తానేమో. అది ఆ తర్వాత సంగతి. ఏవండీ, మీరు కాసేపు కూర్చుంటారా? నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

కూర్చున్నాడు. కాళ్ళు కూర్చోలేదు. ఇలాంటి జవాబును తప్పు అని ఎర్ర సిరాతో కొట్టేస్తే అది పోతుందా? కాగితం మీంచి పోతుంది. మనిషిలోంచి ఎక్కడికి పోతుంది?

శుక్రవారం యార్డులో గాలి ఇంకా ఉంది. పాత నీళ్ళ ట్యాంకొకటి అక్కడ శిక్షణ కోసం ఉంటుంది, పైన మనిషి పట్టేంత మూత. దాని మీద ముక్కాలి స్టాండు నిలబెట్టించాడు. స్టాండుకు గిలక, గిలకకు తాడు, తాడును చుట్టడానికి చేత్తో తిప్పే పిడి. ఇన్నాళ్ళూ స్టోరులో తాళం వేసి ఉన్న సామాను. తరగతిలో దాని బొమ్మ మాత్రమే చూపించేవాడు.

పాఠం చెప్పలేదు. జోడీలను పిలిచాడు. ఒకడు నడుముకు పట్టీలు కట్టుకుని, వాటికి తాడు తగిలించుకుని లోపలికి దిగి కాసేపటికి పడిపోయినట్టు నటించాలి. బయటివాడు ఏం చేస్తాడో అది చేయాలి. ఎవరైతే లోపలికి దిగుతారో వాళ్ళు చచ్చిపోయినట్టు. జోడీ జోడీగా వచ్చి రేకు నీడలో బెంచి మీద కూర్చోవాలి.

మొదటి జోడీ రత్నాకర్, వాళ్ళ తమ్ముడు. తమ్ముడి మూలుగు వినగానే రత్నాకర్ చెప్పులు కూడా విడవకుండా దూకాడు. ముఠాలో అందరినీ నవ్వించేది అతనే. బెంచి మీద కూర్చుని, “సచ్చినం సార్, చాయ్ ఇస్తరా?” అన్నాడు.

“సచ్చినోళ్ళకు చాయ్ మాఫీ,” అన్నారు వెనకనుంచి ఎవరో.

నవ్వులు. రెండో జోడీ వచ్చి కూర్చుంది. మూడోది. తాడు పక్కనే వేలాడుతున్నా ఎవరి చెయ్యీ దాని మీదికి పోలేదు. తొమ్మిదయ్యేసరికి బెంచి నిండి, మిగిలినవాళ్ళు ఇసుకలో కూర్చున్నారు. పద్నాలుగు మంది. అన్నదమ్ములు, మామా అల్లుళ్ళు, ఒక తండ్రీ కొడుకూ. మిగిలిన ఐదు జోడీల్లో బయటివాళ్ళు అలారం మోగించి, చేతులు వేలాడేసుకుని నిలబడ్డారు. నవ్వు ఎక్కడ ఆగిందో ఎవరూ గమనించలేదు. బెంచి మీదున్నది ఒకే మండలం. ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుల మధ్యనుంచి గాలి ఇసుకను మోసుకుపోయింది.

అప్పుడడిగాడు గురుప్రసాద్, ఆ పిడి తిప్పడం ఎవరికి వచ్చని. ఎవరికీ రాదు. ఒకతను దాన్ని సామాను ఎత్తేదనుకున్నాడట. దిగొద్దు దిగొద్దు అని ఆరేళ్ళు చెప్పాడు గురుప్రసాద్. దిగకుండా ఆగిన చేతులకు పనేమిటో ఒక్కనాడూ నేర్పలేదు. పని లేని చేతులు కాళ్ళ వెంట పోతాయి.

చొక్కా చేతులు మడిచి తనే పిడి పట్టుకున్నాడు. తప్పు మీది కాదు, బొమ్మ చూపించి వదిలేసింది నేనని వాళ్ళతో చెప్పాడు. ఆ తర్వాత గంటసేపు అందరూ తిప్పారు. రత్నాకర్ ఫోనులో టైము చూశాడు. లోపలికి దిగి, పడిపోయినవాణ్ణి భుజాన వేసుకుని పైకి రావాలని ఇద్దరు బలమైనవాళ్ళు ప్రయత్నిస్తే ఐదు నిమిషాలకు కూడా తల మూత దాకా రాలేదు. తాడుతో నలభై రెండు సెకన్లు. వాడక బిగుసుకుపోయిన పిడి తిప్పీ తిప్పీ అరచేతులు ఎర్రబడ్డాయి, కానీ ఆ నలభై రెండును ముప్పై ఎనిమిదికి తెచ్చేదాకా వాళ్ళు వదల్లేదు. మధ్యలో ఎవరో నిజంగానే చాయ్ తెప్పించారు.

రాజేశం మాత్రం కప్పు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

“తాడు తొందరగ గుంజుతది సార్, ఒప్పుకుంట,” అన్నాడు. “కని లోపట మనోడు మూల్గినంక కాళ్ళు ఇనయి. చేతులకు నేర్పినవు. కాళ్ళకు ఎట్ల నేర్పుతవు?”

తనకూ తెలియదన్నాడు గురుప్రసాద్. మీరే చెప్పండని అందరి వైపూ తిరిగాడు. రత్నాకర్ కప్పులో అడుగున మిగిలింది ఇసుకలో పారబోసి లేచాడు.

“మనోడు కాకుంటె ఆగుతయి గద, కాళ్ళు? మా తమ్మునికి రాజేశం మామ కాపల ఉండని. సురేందర్‌గానికి నేనుంట. మా తమ్ముడు మామ చేతుల ఉన్నడని నాకు యాదుంటది, అందుకని ఆయన అల్లునికి నేను తప్పు జెయ్య.” రెండు చేతులూ అటూ ఇటూ మార్చి చూపించాడు. “కుండమార్పిడి లెక్క సార్. ఆళ్ళ పిల్ల మనింట్ల, మన పిల్ల ఆళ్ళింట్ల. ఎవలూ ఎవల్నీ ఏం అనరు.”

ఈసారి నవ్వు వేరేగా వచ్చింది. తండ్రీ కొడుకుల్లో తండ్రి మాత్రం నవ్వలేదు, వేళ్ళ మీద ఎవరికి ఎవరో లెక్కేసుకుంటున్నాడు. అరగంటలో జోడీలన్నీ విడిపోయి కొత్తగా కలిశాయి. గురుప్రసాద్ కలగజేసుకోలేదు. ఆయన పుస్తకంలో ఇలాంటి పేజీ లేదు.

మధ్యాహ్నం పరీక్ష కాగితం మీద కాదు, మూత దగ్గర. పెట్టిన పరీక్షే మళ్ళీ పెడితే నేర్చిందేదో గుర్తుపెట్టుకున్నదేదో తెలియదని ఒక మెలిక పెట్టాడు. నిన్న కాగితం మీద పాసైన ఐదుగురినీ కూడా వదల్లేదు. లోపలివాడు ఒక్కోసారి మూలుగుతాడు, ఒక్కోసారి పేరు పెట్టి పిలుస్తాడు, ఒక్కోసారి ఏ చప్పుడూ ఉండదు, తాడు మాత్రం వదులవుతుంది. ఒక్కొక్కరూ నిలబడ్డారు. అలారం, రేడియో, పిడి. రాజేశం కూడా రత్నాకర్ తమ్ముణ్ణి ముప్పై తొమ్మిది సెకన్లలో పైకి తెచ్చాడు.

అక్కడితో ఆపేయవచ్చు. గురుప్రసాద్ ఆపలేకపోయాడు. షట్‌డౌన్‌లో షిఫ్టులు మారతాయి, ఒకడికి జ్వరమొస్తే ఫోర్‌మన్ చేతికి దొరికినవాణ్ణి మూత దగ్గర పెడతాడు. కొత్త జోడీ ఎంత బాగున్నా ఒక రోజు పాతది ఎదురవుతుంది. అందుకని చివర్లో పాత జోడీలనే మళ్ళీ ఒక్కసారి పిలిచాడు. ఇరవై ఒక్క మంది ఆగారు. ఆ తండ్రి ఆగలేకపోయాడు. ఇంకొకతను ఏడుస్తూ దిగేశాడు.

చివరగా రాజేశం వంతు వచ్చింది. లోపల సురేందర్. మూలగమని గురుప్రసాద్ చెప్పాడు కానీ సురేందర్ మూలగలేదు. “మామా” అన్నాడు, మెల్లగా, నిద్రలో పిలిచినట్టు. రాజేశం చెయ్యి పిడి మీదే ఉంది. చెయ్యి అక్కడుండగానే ఒక కాలు మూత తీసిన కంతలోకి దిగింది. తర్వాత నడుము. తర్వాత పిడి మీది చెయ్యి.

రాజేశం తనంతట తనే పైకి వచ్చి, బట్టల ఇసుక దులుపుకుని, వెళ్ళి ఖాళీ బెంచి మీద కూర్చున్నాడు.

“నాకు కార్డు ఇయ్యకుండ్రి సార్. అబద్ధం ఆడి తీసుకుంటె, ఆదివారం దిగుత. నా సంగతి నాకెర్కనే.”

సురేందర్ పట్టీలు విప్పుకుంటూ వచ్చి మామ పక్కన కూర్చోలేదు, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. వాడి మాట గురుప్రసాద్ అంతవరకూ సరిగా విననే లేదు. “పద్నాలుగు నెలల సంది గదే బుగులు మామా,” అన్నాడు. “లోపట నాకు జెర తల తిర్గినా నీకు చెప్పలే. చెప్తె దిగుతవని. ఇగ చెప్పచ్చు.”

రాజేశం మొహం అటు తిప్పుకున్నాడు.

శనివారం పదకొండున్నరకు జహాంగీర్ టేబుల్ మీద ఇరవై ఒక్క కార్డులు పెట్టాడు గురుప్రసాద్. ఎవరు ఎవరికి కాపలా ఉండాలో, ఎవరు ఎవరికి ఉండకూడదో జాబితా పైన పెట్టాడు. జహాంగీర్ రెండుసార్లు లెక్కపెట్టాడు. ముగ్గురు తక్కువేంటని అడిగాడు. యార్డులో పైపుల పని ఇప్పించమన్నాడు గురుప్రసాద్. మేనేజర్ అడిగితే తన పేరు చెప్పమన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. టిక్ పేపరుతో కార్డులు తీసుకున్న పాతవాళ్ళందరినీ బ్యాచులు బ్యాచులుగా మళ్ళీ పిలవాలని. జహాంగీర్ నుదురు రుద్దుకున్నాడు. కాదనలేదు, సరేననలేదు. ఫైలు తెరిచి కార్డులు ఒక్కొక్కటే తేదీ వేసి లోపల పెట్టడం మొదలుపెట్టాడు.

ఆదివారం ఎనిమిదింటికి సురేందర్ ట్యాంకులోకి దిగాడు. మూత దగ్గర రత్నాకర్. ఆ రోజు రత్నాకర్ ఎవరినీ నవ్వించలేదు. తాడు వేళ్ళ మధ్య నుంచి ఎంత పోతోందో అంతే చూస్తున్నాడు. గురుప్రసాద్ గంటసేపు అక్కడే ఉన్నాడు. శిక్షకుడికి అక్కడ పనేమీ లేదు. తర్వాత రెండు ట్యాంకుల అవతల పైపుల యార్డు వైపు నడిచాడు.

రాజేశం పైపు బిగించే క్లాంపులు పెట్టెల్లోకి లెక్కపెట్టి వేస్తున్నాడు. ప్లాంటులోకి ఫోన్లు తీసుకురానివ్వరు. ఇటునుంచి ఆ ట్యాంకు కనిపించదు. అడుగుల చప్పుడుకు తల ఎత్తాడు. గురుప్రసాదే చెప్పాడు, సురేందర్ ఇంకా లోపలే ఉన్నాడని.

“తాడు ఎవలు వట్టిండ్రు?”

“రత్నాకర్.”

రాజేశం తలూపాడు. పెట్టెలోకి చూశాడు. ఎంతవరకు వచ్చాడో తప్పిపోయింది. క్లాంపులన్నీ కింద కుమ్మరించి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.